ఊరి మీదుగా పెద్ద రోడ్డు: దారి ఎటు పోవాలో ఎవరు తేలుస్తారు? ఊరివాళ్లు ఎక్కడ మాట్లాడాలి?

రోడ్డు వెడల్పు చేస్తారంటే వద్దనేవారు ఊళ్లలో అరుదు. గుంతలు పోతాయి, అంబులెన్స్ తొందరగా వస్తుంది, పిల్లలు కాలేజీకి టైంకి చేరతారు. గొడవ మొదలయ్యేది ఆ తర్వాతే. కొత్త రోడ్డు ఎటు నుంచి వెళ్లాలి? ఎవరి పొలం పోవాలి? బస్టాండ్ దగ్గరి దుకాణాలు ఏమవుతాయి? రోడ్డు అంచున ఉన్న మస్జిద్, గుడి, ఖబ్రస్తాన్, పాత చెట్లు ఉంటాయా, పోతాయా? మార్గం ఖరారయ్యే పద్ధతి తెలిసిన ఊరు సమయానికి నోరు విప్పుతుంది. తెలియని ఊరు ఇంటి గోడ మీద ఎర్ర రంగు గుర్తు పడ్డాక కలెక్టరేట్ చుట్టూ తిరుగుతుంది.

చేవెళ్ల రోడ్డు చెప్పే పాఠం

హైదరాబాద్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, పరిగి మీదుగా కొడంగల్ వైపు వెళ్లే దారిని జనం ఇప్పటికీ బీజాపూర్ రోడ్డు అనే పిలుస్తారు. కాగితాల మీద అది జాతీయ రహదారి 163. తాండూరు నాపరాళ్లు, సిమెంటు, చేవెళ్ల కూరగాయలు, పూలు అన్నీ ఈ దారినే నగరానికి వస్తాయి. ఇందులో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్లను నాలుగు వరుసలు చేయాలన్నది ప్రాజెక్టు. మొయినాబాద్, చేవెళ్ల ఊళ్ల దగ్గర బైపాస్‌లు కూడా అందులో ఉన్నాయి.

ఈ దారికి రెండు వైపులా నిజాం కాలం నాటివని చెప్పే మర్రి చెట్లు సుమారు 900 ఉన్నాయి. రోడ్డును రెండు వైపులా సమానంగా పెంచితే వాటిలో చాలా భాగం పోతాయి. ప్రకృతి ప్రేమికులు కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. పర్యావరణ ప్రభావాన్ని అధ్యయనం చేయాలని 2023లో ట్రిబ్యునల్ చెప్పింది. పని ఆగింది. ఆగిన కాలంలో ఇరుకు రోడ్డు మీద లారీలు, టిప్పర్లు, బస్సులు ఎదురెదురుగా పరుగెడుతూనే ఉన్నాయి. 2024 డిసెంబరులో రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవారి మీదికి లారీ దూసుకెళ్లి ప్రాణాలు పోయాయి. 2025 అక్టోబరు చివర్లో ట్రిబ్యునల్‌లో అడ్డంకి తొలగింది. ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచాలి, తప్పనిసరైన వాటిని వేళ్లతో సహా వేరే చోటికి మార్చాలి అన్న ఏర్పాటుకు దారి దొరికింది. ఇంతలోనే, నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. కంకర ప్రయాణికుల మీద పడింది. 19 మంది చనిపోయారు.

ఆ తర్వాత నింద ఎవరిదన్న వాదన సాగింది. చెట్ల కోసం రోడ్డు ఆపారని కొందరన్నారు. రోడ్డు వద్దని ఎవరూ అనలేదు, చెట్లు మిగిలేలా దారి గీయమన్నామంతే అని మరికొందరన్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. కానీ అసలు సంగతి వేరే. మార్గం గీసేటప్పుడు మొదటి రోజుల్లోనే జరగాల్సిన చర్చ కోర్టు గదిలో జరిగింది. పర్యావరణ అనుమతి నిబంధనల ప్రకారం జాతీయ రహదారి విస్తరణ 100 కిలోమీటర్లు దాటి, నిర్ణీత వెడల్పుకు మించి కొత్త భూమి తీసుకుంటేనే ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి. 46 కిలోమీటర్ల రోడ్డు ఆ లెక్కలోకి రాదు. కాబట్టి ముందుగా బహిరంగ విచారణ జరగలేదు. చట్టం అడగకపోయినా ముందే అడిగి ఉంటే కొన్నేళ్లు కలిసొచ్చేవి.

ముందు తేల్చుకోవాల్సింది: రోడ్డు ఎవరిది?

ఊరి మీదుగా వెళ్లే రోడ్లన్నీ ఒక శాఖవి కావు. అర్జీ తప్పు ఆఫీసులో పడితే నెలలు పోతాయి.

జాతీయ రహదారి: కేంద్ర రోడ్డు రవాణా శాఖ కింద ఉంటుంది. పనిని జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ గానీ, రాష్ట్ర ఆర్ అండ్ బీ శాఖలోని జాతీయ రహదారుల విభాగం గానీ చూస్తుంది. భూమి తీసుకునేది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద.

రాష్ట్ర రహదారి, జిల్లా ప్రధాన రహదారి: ఆర్ అండ్ బీ శాఖవి. వీటికి భూమిని 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుంటారు.

గ్రామీణ రోడ్లు: పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానివి. వీటిలో చాలావాటికి ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన డబ్బు వస్తుంది.

మూడు దారులు, మూడు రకాల నష్టం

పాత రోడ్డును పెద్దది చేయాలంటే ఇంజనీర్ల ముందు ప్రధానంగా మూడు మార్గాలు ఉంటాయి.

మొదటిది, రెండు వైపులా సమానంగా పెంచడం. భారం ఇరుపక్కల వారికీ పంచుతారు కాబట్టి న్యాయంగా కనిపిస్తుంది. కానీ రెండు వైపులా ఉన్న చెట్లు, దుకాణాల ముందు భాగాలు, ఇళ్ల అరుగులు అన్నీ పోతాయి. కరెంటు స్తంభాలు, తాగునీటి పైపులు రెండు పక్కలా మార్చాలి.

రెండోది, ఒకే వైపు పెంచడం. ఒక వైపు చెట్లు, కట్టడాలు మిగులుతాయి. పాత రోడ్డు మీద బండ్లు తిరుగుతుండగానే పక్కన కొత్తది వేయొచ్చు. చెట్ల వరుసను మధ్యలో వదిలి కొత్త దారిని అవతల వేసే పద్ధతి కూడా ఉంది. అయితే చెట్టు మిగిలిన చోట అవతలి రైతు పొలం ఎక్కువ పోతుంది. చెట్లు కాపాడమనే వారు ఆ రైతుకు సరైన పరిహారం కోసం కూడా అంతే గట్టిగా మాట్లాడితేనే ఆ మాటకు ఊళ్లో విలువ ఉంటుంది.

మూడోది, బైపాస్. ఊళ్లో ఇళ్లు, ప్రార్థనా స్థలాలు, బజారు మిగులుతాయి. లారీల హోరు, దుమ్ము తగ్గుతాయి. బడి ముందు ప్రమాదాలు తగ్గుతాయి. కానీ బైపాస్ పోయేది సాగు భూముల మీదుగానే. పొలం రెండు ముక్కలవుతుంది. బావి ఒక వైపు, చేను ఒక వైపు పడుతుంది. వాన నీరు పారే దారికి కట్ట అడ్డం వస్తుంది. బస్టాండ్ దగ్గర హోటల్, పంక్చర్ షాపు, పండ్ల బండి పెట్టుకున్నవారి గిరాకీ పడిపోతుంది. రోడ్డు పక్కన సొంత భూమి లేని ఈ చిన్న వ్యాపారుల గురించి సర్వే కాగితాల్లో తక్కువగా ఉంటుంది.

రీజినల్ రింగ్ రోడ్డు విషయంలోనూ గొడవ ఇదే. సంగారెడ్డి నుంచి చౌటుప్పల్ దాకా ఉత్తర భాగంలోనూ, ఆ తర్వాత దక్షిణ భాగంలోనూ రైతులు అడిగింది రోడ్డు ఆపమని కాదు. గీత ఎందుకు ఇటు వంగింది, అటు ఎందుకు వంగలేదు అన్నదే వారి ప్రశ్న.

గ్రామ సడక్ రోడ్లయితే: అందరూ కలిసి నడిచి చూసే పద్ధతి

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మొదట్లో అసలు రోడ్డే లేని ఊళ్లకు రోడ్డు వేయడం దాని పని. 2019లో ఆమోదం పొందిన మూడో దశ లక్ష్యం వేరు. ఊళ్లను కలుపుతూ పోయే ప్రధాన గ్రామీణ మార్గాలు 1,25,000 కిలోమీటర్లను బాగు చేయాలన్నది ఆ దశ. 2024లో ఆమోదించిన నాలుగో దశలో ఇంకా రోడ్డు లేని 25,000 నివాస ప్రాంతాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయాలన్నది లక్ష్యం.

మూడో దశలో ఏ రోడ్డు ముందు అన్నది మార్కుల మీద తేలుతుంది. ఆ రోడ్డు ఎంత జనాభాకు ఉపయోగపడుతుంది, దాని మీద మార్కెట్ యార్డు, హైస్కూలు, ఆసుపత్రి, బస్సు సౌకర్యం ఏమేం ఉన్నాయి అని చూసి మార్కులు వేస్తారు. రెండు ఊళ్ల మధ్య రెండు దారులుంటే ఎక్కువ మందికి పనికొచ్చేది ముందుకు వస్తుంది. కాబట్టి ఊళ్లో ఉన్న ఆసుపత్రి, బడి, సంత ఆ జాబితాలో నమోదయ్యాయో లేదో పంచాయతీ చూసుకోవాలి. నమోదు కాకపోతే మార్కులు రావు, రోడ్డు పక్క ఊరికి పోతుంది.

రోడ్డు ఎంపికయ్యాక, ప్రాజెక్టు నివేదిక ఖరారు కాకముందు ఇంజనీరు, సర్పంచ్, రెవెన్యూ అధికారి, ఊరివాళ్లు కలిసి మార్గమంతా నడిచి చూడాలి. దీన్ని ట్రాన్సెక్ట్ వాక్ అంటారు. ఎవరి భూమి ఎంత అవసరమవుతుంది, ఏ చెట్టు పోతుంది, నీరు ఎటు పారుతుంది అన్నవి అక్కడే మాట్లాడుకోవాలి. మాట్లాడినవి రాసి, ఫొటోలతో సహా నివేదికకు జోడించాలి. చాలా చోట్ల ఈ నడక కాగితం మీదే అయిపోతుంది. ఆ రోజు ఎప్పుడో ముందే అడిగి తెలుసుకుని, ఊరి పెద్దలే కాకుండా బోరు నుంచి నీళ్లు మోసుకొచ్చే ఆడవాళ్లు, బడికి నడిచి వెళ్లే పిల్లల తల్లిదండ్రులు కూడా వెళ్తే ఇంజనీరుకు కనిపించనివి కనిపిస్తాయి. మలుపులో బర్రెలు దాటే చోటు, వానాకాలం నీళ్లు నిలిచే పల్లం ఊరివాళ్లకే తెలుస్తాయి.

ఒక ముఖ్యమైన మాట: ఈ పథకంలో భూమి కొనడానికి కేంద్రం డబ్బు ఇవ్వదు. భూమి చూపించాల్సింది రాష్ట్రం. ఊళ్లలో రైతులు ఇష్టపూర్వకంగా కొంత భూమి వదులుకుంటేనే రోడ్డు వెడల్పవుతుంది. ఇష్టపూర్వకంగా అన్నమాటకు అర్థం ఉండాలి. పేద రైతు మీద నలుగురూ ఒత్తిడి తెచ్చి తీసుకుంటే అది దానం కాదు. ఇచ్చేది ఎన్ని గజాలో రాతలో ఉండాలి, ఒక కాపీ ఇచ్చినవారి దగ్గర ఉండాలి.

జాతీయ రహదారైతే: 21 రోజులు

జాతీయ రహదారికి ప్రాజెక్టు నివేదిక తయారీలో కొన్ని ప్రత్యామ్నాయ మార్గాలను పోల్చి ఒకటి ఖరారు చేస్తారు. ఆ తర్వాత భూమి వంతు వస్తుంది.

3ఎ నోటిఫికేషన్: ఏ సర్వే నంబర్లలో భూమి కావాలో గెజిట్‌లో వేస్తారు. దాని సారాంశం రెండు స్థానిక పత్రికల్లో రావాలి, ఒకటి స్థానిక భాషలో ఉండాలి.

3సి అభ్యంతరం: నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. అధికారి పిలిచి వినాలి. భూమి యజమాని స్వయంగా గానీ, వకీలు ద్వారా గానీ చెప్పుకోవచ్చు.

3డి ప్రకటన: ఇది వెలువడిన రోజు నుంచి భూమి కేంద్ర ప్రభుత్వానిది అవుతుంది. 3ఎ వచ్చిన ఏడాదిలోపు 3డి రాకపోతే మొదటి నోటిఫికేషన్‌కు విలువ ఉండదు.

3జి అవార్డు: పరిహారం ఎంతో తేలుస్తారు. నచ్చకపోతే ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లొచ్చు.

ఈ వరుస చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. మార్గం గురించి మాట్లాడటానికి అసలైన సమయం 3ఎ కంటే ముందు, సర్వే వాళ్లు ఊళ్లో తిరుగుతున్నప్పుడు. చట్టం ప్రకారం చివరి అవకాశం ఆ 21 రోజులు. 3డి తర్వాత మిగిలేది డబ్బు లెక్క మాత్రమే. రాష్ట్ర రోడ్లకు వాడే 2013 చట్టంలో అభ్యంతరానికి 60 రోజులు ఉన్నాయి.

‘మా భూమి తీసుకోవద్దు’ అని ఒక్క వాక్యం రాస్తే అధికారి ఒక్క వాక్యంతో తోసిపుచ్చుతాడు. ‘ఫలానా సర్వే నంబర్ దగ్గర రోడ్డును ఇన్ని మీటర్లు ఉత్తరానికి జరిపితే రెండు ఇళ్లు, ఒక బావి మిగులుతాయి, అటు వైపు ప్రభుత్వ భూమి ఉంది’ అని పటంతో సహా రాస్తే దానికి జవాబు చెప్పక తప్పదు.

పరిహారం లెక్క

2015 జనవరి 1 నుంచి జాతీయ రహదారుల భూసేకరణకు కూడా 2013 చట్టంలోని పరిహారం లెక్కే వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ విలువ, చుట్టుపక్కల గత మూడేళ్ల అమ్మకాల సగటు చూసి ఎక్కువ ఉన్నదాన్ని మార్కెట్ విలువగా తీసుకుంటారు. పల్లెల్లో దాన్ని 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన అంకెతో హెచ్చిస్తారు. ఇల్లు, బోరు, చెట్ల విలువ కలుపుతారు. వచ్చిన మొత్తానికి అంతే మొత్తం సొలేషియంగా చేరుస్తారు.

ఉదాహరణకు ఎకరం మార్కెట్ విలువ 20 లక్షలు, హెచ్చింపు 1.5 అనుకుంటే 30 లక్షలు అవుతుంది. సొలేషియం కలిపితే 60 లక్షలు. దీనికి తోడు నోటిఫికేషన్ నుంచి అవార్డు దాకా మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం ఉంటుంది. జాతీయ రహదారులకు భూమి ఇచ్చినవారికి సొలేషియం, వడ్డీ ఇవ్వాల్సిందేనని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ముస్లిం కుటుంబాల్లో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు విరాసత్‌ది. తాత పేరు మీదే భూమి ఉంటుంది, లేదా అన్నదమ్ములు మాత్రమే పేర్లు ఎక్కించుకుంటారు. పరిహారం వచ్చేసరికి అక్కాచెల్లెళ్ల వాటా ప్రశ్న వస్తుంది. వాటాలపై తగాదా ఉంటే అధికారి ఆ విషయాన్ని సివిల్ కోర్టుకు పంపుతాడు, డబ్బు అక్కడ ఏళ్ల తరబడి ఆగిపోతుంది. షరియత్ ప్రకారం కూతుళ్ల హిస్సా ముందే ఒప్పుకుని, విరాసత్ ఎక్కించుకుని, అందరి బ్యాంకు ఖాతాలూ ఇస్తే ఇల్లూ నిలుస్తుంది, డబ్బూ అందుతుంది.

ఖబ్రస్తాన్, మస్జిద్, ఈద్గా దారిలో ఉంటే

పాత రోడ్ల పక్కనే ఖబ్రస్తాన్‌లు ఉండటం తెలంగాణ పల్లెల్లో మామూలే. ఒకప్పుడు ఊరి చివర ఉన్నవి ఊరు పెరిగి ఇప్పుడు రోడ్డు మీదికి వచ్చాయి. వీటి విషయంలో కోపం కంటే కాగితం ఎక్కువ పని చేస్తుంది.

మొదట, ఆ స్థలం రికార్డులో ఎలా ఉందో చూడాలి. వక్ఫ్ గెజిట్‌లో ఉందా, రెవెన్యూ రికార్డులో ఖబ్రస్తాన్ అని రాసి ఉందా, లేక ప్రభుత్వ భూమి అని ఉందా? మూడు తరాలుగా జనాజాలు వెళ్తున్న స్థలం కూడా కాగితం మీద ఖాళీ భూమిగా కనిపించవచ్చు. సర్వే ఇంజనీరు పటంలో చూసేది ఆ కాగితాన్నే. వక్ఫ్ ఆస్తుల వివరాలను ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించాలని కొత్త చట్టం చెబుతోంది కాబట్టి ముతవల్లీ, కమిటీ వాళ్లు తమ స్థలం కొలతలు, హద్దులు సరిచూసుకోవాలి.

రెండోది, వక్ఫ్ చట్టం 91వ సెక్షన్ ప్రకారం వక్ఫ్ భూమిని సేకరించేటప్పుడు వక్ఫ్ బోర్డుకు తెలియజేసి, దాని వాదన వినాలి. కమిటీ అభ్యంతరం ఇచ్చినప్పుడే దాని నకలు నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డుకు కూడా పంపాలి. ఊళ్లో ఎవరో ఒకరు సంతకం పెట్టి పరిహారం తీసుకునే హక్కు లేదు. అది వక్ఫ్ సొమ్ము.

మూడోది, పక్క ఊరి గుడి, చర్చి, శ్మశానం కూడా అదే గీతలో ఉంటే అందరూ కలిసి ఒకే అర్జీ ఇవ్వడం మంచిది. దారిని కొన్ని మీటర్లు జరిపితే ఇద్దరివీ మిగిలే చోట్లు తరచుగా ఉంటాయి. విడివిడిగా వెళ్తే మాది వదిలి వాళ్లది తీసుకోమన్నట్టు అవుతుంది. అది ఊరికి మంచిది కాదు, అర్జీకీ బలం ఇవ్వదు.

రోడ్డు మీద నమాజీలు దాటే చోటు, ఈద్గాకు పోయే దారి, జనాజా తీసుకెళ్లే బాట కూడా రాసి ఇవ్వాలి. నాలుగు వరుసల రోడ్డు మధ్యలో డివైడర్ పడ్డాక అటు నుంచి ఇటు రావడానికి కిలోమీటర్లు తిరగాల్సి వస్తుంది. అండర్‌పాస్ ఎక్కడ కావాలో నివేదిక దశలో అడగాలి. రోడ్డు అయ్యాక అడిగితే దొరకడం చాలా కష్టం.

ఊరు చేసుకోవాల్సిన పనులు

సర్వే రాళ్లు, రంగు గుర్తులు కనిపించిన వెంటనే ఏ శాఖ, ఏ ప్రాజెక్టు అని రాతపూర్వకంగా అడగాలి. మార్గం పటం, పోల్చి చూసిన ఇతర మార్గాల వివరాలు సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు.

గెజిట్, పత్రికా ప్రకటనలపై ఒకరిద్దరు కన్నేసి ఉంచాలి. 21 రోజులు పెళ్లి పనుల్లో, పంట కోతల్లో తెలియకుండానే గడిచిపోతాయి.

పాస్ పుస్తకం, పహాణీ, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, బోరు వివరాలు ఒక ఫైల్‌లో పెట్టుకోవాలి. చెట్లను లెక్కించి ఫొటోలు తీసుకోవాలి.

కిరాయి దుకాణదారులు, కౌలుదారులు తాము మూడేళ్లకు పైగా అక్కడ బతుకుతున్నట్టు రుజువులు దాచుకోవాలి. 2013 చట్టం బాధిత కుటుంబాలు అన్నప్పుడు భూమి ఉన్నవారినే కాదు, ఆ భూమి మీద బతికేవారినీ లెక్కలోకి తీసుకుంటుంది.

పరిహారం తక్కువనిపిస్తే తీసుకునేటప్పుడే అభ్యంతరం రాతలో నమోదు చేయించి, ఆలస్యం చేయకుండా ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లాలి.

గ్రామసభలో రోడ్డు కావాలా వద్దా అన్న ప్రశ్న మీద చేతులెత్తితే ఫలితం ఉండదు. రోడ్డు ఎక్కడ వంగాలి, ఎక్కడ అండర్‌పాస్, ఎక్కడ బస్ బే, వాన నీటికి ఎక్కడ మోరీ అని తీర్మానం రాసి పంపాలి.

బీజాపూర్ రోడ్డు మీద ఇప్పుడూ తెల్లవారుజామున తాండూరు బస్సులు బయల్దేరుతాయి. అందులో పరీక్షకు వెళ్లే పిల్లలు, ఆసుపత్రికి వెళ్లే ముసలివాళ్లు, కూలికి వెళ్లే ఆడవాళ్లు ఉంటారు. వాళ్లకు వెడల్పైన, మంచి రోడ్డు కావాలి, ఆలస్యం లేకుండా కావాలి. దారి పక్కన పొలం ఉన్న రైతుకు, చెట్టు కింద టీ అమ్ముకునేవాడికి, ఖబ్రస్తాన్‌లో తల్లిదండ్రులను పడుకోబెట్టిన కొడుక్కు తమ మాట విన్నారన్న నమ్మకం కావాలి. ఈ రెండింటిలో ఒకదాని కోసం ఇంకోటి వదులుకోనక్కర్లేదు. గీత గీసే రోజునే అందరినీ పిలిచి అడిగితే చాలావరకు రెండూ దక్కుతాయి.